పద్దెనిమిది మీటర్ల గోడ, ఇరవై ఏడు సెకన్ల పాట: ప్రాజెక్టు డైరీ

ఒక కూడలిలో పాదచారులకు వెలిగే పచ్చదీపం 18 సెకన్లలో ఆరిపోయేది. దాటవలసిన రోడ్డు వెడల్పు 18 మీటర్లు. నెమ్మదిగా నడిచేవారికి ఆ సమయం చాలదని చూపించడానికి కొందరు చిత్రకారులు, గాయకులు, ఆ వీధిలోని పెద్దలు కలిసి ఒక గోడచిత్రాన్నీ ఒక పాటనూ తయారు చేశాం. ఈ డైరీలో కొలతలు, చెడిపోయిన పనులు, మార్పులు, వాటి కారణాలు మాత్రమే ఉన్నాయి. ఇలాంటి పని తలపెట్టేవారు ముందుగా ఒక నిర్ణయం తీసుకోవాలి. కోరికను బొమ్మ మీద నినాదంగా రాయడం ఒక పద్ధతి, బొమ్మ కొలతలోనూ పాట నిడివిలోనూ దాన్ని ఇమడ్చడం మరో పద్ధతి. మేము రెండోదాన్ని ఎంచుకున్నాం. నినాదాన్ని ఎవరైనా కాదనవచ్చు, కొలతను కాదనాలంటే మాత్రం టేపు తీసుకుని రావాలి.

దశ 1: నడకను కొలవడం

సిగ్నళ్ల సమయాన్ని లెక్కించేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకోవడం చాలా దేశాల్లో అలవాటు. అమెరికా ట్రాఫిక్ సూచికల జాతీయ నియమావళి 2009 సంచికలో ఈ వేగాన్ని సెకనుకు 4 అడుగుల నుంచి 3.5 అడుగులకు, అంటే సుమారు 1.07 మీటర్లకు తగ్గించారు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవారిపై జరిగి 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో సగటు వేగం మగవారిలో 0.9 మీటర్లు, ఆడవారిలో 0.8 మీటర్లుగా తేలింది. మా కూడలి లెక్క పాత అలవాటు ప్రకారమే ఉంది: పచ్చదీపం చూసి అడుగు వేయడానికి 3 సెకన్లు, సెకనుకు 1.2 మీటర్ల చొప్పున 18 మీటర్లకు 15 సెకన్లు, వెరసి 18.

కొలిచిన విధానం:

1. రోడ్డు వెడల్పును ఫుట్‌పాత్ అంచు నుంచి ఎదుటి అంచు వరకు, జనం నిజంగా నడిచే గీత వెంట కొలవాలి.
2. పాదం అంచు దిగిన క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కాలి, ఎదుటి అంచు ఎక్కిన క్షణంలో ఆపాలి.
3. మధ్యలో పరుగెత్తినవారిని వేరే జాబితాలో రాయాలి, వేగం లెక్కలో కలపకూడదు.
4. కనీసం 100 మందిని కొలిచి, నెమ్మది నుంచి వేగానికి వరుసగా పేర్చి, నూటికి పదిహేనో స్థానంలో ఉన్న వేగాన్ని తీసుకోవాలి.

నాలుగో అంశం మొదట్లో లేదు. సగటు తీసుకున్నప్పుడు సెకనుకు 1.1 మీటర్లు వచ్చి, సిగ్నల్ దాదాపు సరిగానే ఉన్నట్టు కనిపించింది. చకచకా నడిచే కుర్రవాళ్లు చేతికర్రతో నడిచేవారి ఆలస్యాన్ని అంకెల్లో కప్పేశారు. పదిహేనో స్థానంలోని వేగం 0.75 మీటర్లు. దీన్ని ప్రమాణంగా తీసుకున్నా అంతకంటే నెమ్మదిగా నడిచేవారు మిగిలే ఉంటారని వినతిపత్రంలోనూ రాశాం.

మూడో అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. పరుగు జాబితాయే తర్వాత అధికారుల ముందు ఎక్కువగా పనికివచ్చింది.

*ఇప్పటి లెక్క: 18 మీటర్లకు కావలసింది 24 సెకన్లు, తొలి అడుగుకు 3, వెరసి 27. ఉన్నవి 18. లోటు 9 సెకన్లు.*

దశ 2: లయ

మొదటి పాటను నిమిషానికి 112 దెబ్బల వేగంలో కట్టారు. మామూలు నడకలో నిమిషానికి సుమారు వంద నుంచి నూట ఇరవై అడుగులు పడతాయి కాబట్టి అది సహజమైన ఎంపికే. పాట హుషారుగా వచ్చింది, కుర్రవాళ్లందరికీ నచ్చింది. సాధనలో ఆ పాటకు నడిచి చూసిన ఒక పెద్దావిడ రెండు వరుసలు కాగానే ఆగిపోయి, "పాట బాగానే ఉంది బాబూ, కానీ అది నన్ను తరుముతోంది" అన్నారు. సిగ్నల్ చేస్తున్న పనినే మా పాటా చేస్తోందని అప్పుడు అర్థమైంది. తొందరపెట్టడాన్ని ప్రశ్నించే పాట తానే తొందరపెట్టకూడదు కాబట్టి, ఆ బాణీ ఎంత బాగున్నా పక్కన పెట్టాం.

కొత్త పాట వేగం నిమిషానికి 80 దెబ్బలు. ఒక అక్షరకాలం, అంటే తాళంలో ఒక దెబ్బ, 0.75 సెకను. ఆదితాళం ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 8 అక్షరాలు కాబట్టి 6 సెకన్లు. నాలుగు ఆవర్తనాలు 24 సెకన్లు. ముందు సాహిత్యం లేకుండా తాళం మాత్రమే పలికే 4 అక్షరాలు 3 సెకన్లు, అదే తొలి అడుగుకు ముందు తటపటాయించే సమయం. మొత్తం 36 అక్షరాలు, 27 సెకన్లు. 18వ సెకను దగ్గర, అంటే 24వ అక్షరం పూర్తి కాగానే, గొంతు ఎక్కడ ఉంటే అక్కడ పాట ఆగిపోతుంది. అది మూడో ఆవర్తనం నడుమ పడుతుంది.

ఇక్కడ రెండో అవాంతరం వచ్చింది. బృందం పాడుతున్నకొద్దీ వేగం పెరుగుతుంది. 80 దగ్గర మొదలైన పాట పూర్తయ్యేసరికి 88 దాటుతోంది. 36 అక్షరాలూ 88 వేగంలో పడితే పాట 24.5 సెకన్లకే అయిపోతుంది, మేము చూపించదలచిన లోటులో రెండున్నర సెకన్లు మా చేతుల్లోనే మాయమవుతాయి. ఫోనులో ఒకే వేగంతో టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టి తాళం వేసేవారి చెవికి తగిలిస్తే, వారొక్కరే నిలకడగా ఉండి తక్కినవారు ముందుకు పోయారు. లయ అందరికీ కనిపించాలి కాబట్టి దారానికి బరువైన నట్టు కట్టి లోలకం చేశాం.

1. కట్టిన చోటు నుంచి నట్టు నడిమి వరకు దారం 56 సెంటీమీటర్లు ఉండాలి.
2. ఊపు చిన్నదిగా, ఇటూ అటూ ఒక జానకు మించకుండా ఉండాలి.
3. కుడి కొసకు చేరినప్పుడు ఒక అక్షరం, ఎడమ కొసకు చేరినప్పుడు మరొకటి.

లోలకం ఒకసారి పోయి రావడానికి పట్టే కాలం దారం పొడవును బట్టి ఉంటుంది, నట్టు బరువును బట్టి కాదు. అందుకని నట్టు దొరకనప్పుడు తాళంచెవుల గుత్తి కట్టినా సరిపోయింది, పొడవు మాత్రం తిరిగి కొలిచాం. దీనితో 27 సెకన్ల పాటలో తేడా అర సెకనుకు తగ్గింది.

దశ 3: మైకు వద్దనుకోవడం

కూడలి అంచున రొద 75 డెసిబెల్స్ దగ్గర ఉంది. మాటలు స్పష్టంగా తెలియాలంటే పాట దానికంటే సుమారు 10 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. ఆరుబయట ఒకే స్పీకర్ పెడితే దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 96 ఉన్నది నాలుగు మీటర్లకు 84, పదహారు మీటర్లకు 72. దూరంగా ఉన్నవారికి వినిపించాలంటే దగ్గర నిలబడినవారి చెవులు చిల్లులు పడాలి. గోడ వెంట నాలుగు చిన్న స్పీకర్లు పెడితే ఈ చిక్కు తీరుతుంది. ఒక సాయంత్రం పెట్టి చూశాం, బాగానే వినిపించింది.

అయినా మానేశాం. చూపు లేనివారు వాహనాల చప్పుడు విని రోడ్డు దాటుతారు. కూడలిలో అంత గట్టిగా పాట వేస్తే వారికి ఉన్న ఒక్క ఆధారాన్నీ మేమే తీసేసినట్టవుతుంది. రోడ్డు మీదే ప్రదర్శించాలన్న ఆలోచననూ దీనితోనే వదిలేశాం. బొగోటా నగరంలో 1995లో మేయర్ అంటానాస్ మొకుస్ మూకాభినయ కళాకారులను కూడళ్లలోకి దింపి, గీత దాటిన వాహనదారులను ఆటపట్టించారు. మా బృందంలో చాలామందిని మొదట ఊరించినది అదే. అయితే ఆ కళాకారులను రోడ్డు మీదికి పంపింది నగర పాలన, వారు మాట్లాడరు కూడా. మా వెనుక ఆ అధికారం లేదు, మా చేతిలో ఉన్నదేమో పాట.

రోడ్డును గోడ మీదికి తెచ్చాం. కూడలికి కాస్త ఎడంగా, వెడల్పాటి ఫుట్‌పాత్ వెంట ఉన్న గోడలో సరిగ్గా 18 మీటర్లు తీసుకున్నాం. దాని ముందు నడిచినవారు రోడ్డు దాటినంత దూరమే నడుస్తారు, ఏ బండికీ అడ్డుపడరు. గాయకులు గోడ పొడవునా ఇంచుమించు నాలుగున్నర మీటర్లకొకరు నిలబడి, మైకు లేకుండా పాడతారు.

*ఇప్పటి లెక్క: స్పీకర్లు 0, యాంప్లిఫైయర్ 0, లోలకం 1, గోడ 18 మీటర్లు.*

దశ 4: గోడ

రంగు డబ్బా తెరవకముందే రెండు పనులున్నాయి. మొదటిది యజమాని నుంచి రాతపూర్వక అనుమతి, అందులో బొమ్మ ఎంతకాలం ఉంటుందో, తర్వాత మార్చే హక్కు ఎవరిదో రాసి ఉండాలి. షికాగోలో 1967లో నల్లజాతి కళాకారులు వేసిన 'వాల్ ఆఫ్ రెస్పెక్ట్' ముందు సంగీతకారులు, కవులు ప్రదర్శనలిచ్చేవారు, ఇలాంటి పనులన్నిటికీ అది పెద్దదిక్కు వంటిది. కొన్నేళ్లకే అగ్నిప్రమాదం తర్వాత ఆ భవనాన్ని కూల్చేశారు. గోడ మనది కానప్పుడు బొమ్మ ఆయుష్షు కూడా మన చేతిలో ఉండదు.

రెండోది చెమ్మ పరీక్ష. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి 16 గంటలు వదిలేయాలి. విప్పినప్పుడు లోపలి వైపు నీటి బొట్లు ఉంటే గోడలో చెమ్మ ఉన్నట్టే. మా గోడ పైభాగం పొడిగా ఉంది, నేల నుంచి మోకాలి ఎత్తు వరకు మాత్రం పాలిథీన్ తడిసింది. అయినా వైరు బ్రష్‌తో రుద్ది, ప్రైమర్ వేసి, ఎమల్షన్ రెండు పూతలు వేయించాం. మొదటి వానలకే అడుగున తెల్లటి ఉప్పు తేలి, రంగు బొబ్బలెక్కి, గోటితో గీకితే అప్పడంలా ఊడివచ్చింది. నేలలోంచి పైకి ఎక్కే చెమ్మకు బయటికి పోయే దారిని ఎమల్షన్ మూసేస్తుంది, లోపల మిగిలిన ఉప్పు పూతను నెట్టేస్తుంది.

మార్పులు:

1. నేల నుంచి 45 సెంటీమీటర్ల వరకు రంగంతా గీకి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపాం. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.
2. ఆ పట్టీకి గాలి ఆడే సున్నపు పూత వేశాం.
3. బొమ్మను ఆ పట్టీ పైనుంచి మొదలుపెట్టాం.

సున్నంలో కలపడానికి తెచ్చిన ప్రష్యన్ బ్లూ కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరిగింది, సున్నపు క్షారం ఆ నీలాన్ని విరిచేస్తుంది. ఎర్రమట్టి, పసుపుమట్టి వంటి ఇనుప ఆక్సైడ్ రంగులు నిలిచాయి.

దశ 5: గడులు, బొమ్మలు

చిన్న కాగితం మీది బొమ్మను గోడకు పెంచడానికి గడులు గీయడం పాత పద్ధతే. మొదట 60 సెంటీమీటర్ల గడులు గీశాం, 30 నిలువు పట్టీలు వచ్చాయి. సాధనలో గాయకులు గోడను చూస్తూ పాడబోతే పట్టీకీ తాళానికీ పొంతన కుదరలేదు. సెకనుకు 0.75 మీటర్లు నడిచే మనిషి ఒక అక్షరకాలంలో 56.25 సెంటీమీటర్లు నడుస్తాడు, 18 మీటర్లను దానితో భాగిస్తే సరిగ్గా 32 వస్తుంది. గడుల్ని తుడిచేసి ఆ కొలతతో మళ్లీ గీశాం. ఇప్పుడు ప్రతి నిలువు పట్టీ ఒక అక్షరం, ఎనిమిది పట్టీలు ఒక ఆవర్తనం. (లోలకం దారం పొడవు కూడా ఇంచుమించు ఇంతే కావడం కేవలం కాకతాళీయం.) ఎత్తు 4 గడులు, అంటే 2.25 మీటర్లు.

గీసేటప్పుడు ఒక గడి చివరి నుంచి తర్వాతి గడిని కొలవవద్దు. ఒక్కో గడికి ఒక మిల్లీమీటరు తప్పినా చివరికి మూడు సెంటీమీటర్లు దాటుతుంది. టేపును గోడ మొదట్లోనే బిగించి 0.5625, 1.125, 1.6875 అని సున్నా నుంచే గుర్తులు పెట్టి, సుద్ద పూసిన దారంతో నిలువు గీతలు కొట్టాలి.

బొమ్మల విషయంలో పెద్ద అభ్యంతరమే వచ్చింది. మొదటి నమూనాలో ముసలివాళ్లంటే వంగిన నడుము, వణికే చెయ్యి. చిత్రకారులే ముసలివాళ్లలా నడిచి ఒకరినొకరు గీసుకున్నారు. అది చూడటానికి వచ్చిన పెద్దలు నవ్వలేదు. "మేమంతా ఇలా వంగిపోయి ఉన్నామా? నా మోకాలు నొస్తుంది, అంతే. నడుము నిటారుగానే ఉంది కదా నాయనా" అని ఒక తాతగారు నిలదీశారు. నమూనా రద్దయింది. ఒప్పుకున్నవారిని గోడ ముందు నడిపించి, పక్క నుంచి ఫొటోలు తీసి, ముఖాలు లేకుండా నిలువెత్తు నీడలుగా కాగితం మీద కత్తిరించి గోడకు అంటించి గీశాం. కూరగాయల సంచి ఒక భుజానికి వేలాడటం, చేతికర్ర మోపిన ప్రతిసారీ మడమ కొంచెం బయటికి తిరగడం, మనవరాలి చెయ్యి పట్టుకున్న చెయ్యి కాస్త వెనుకబడటం వంటివి ఊహతో గీస్తే వచ్చేవి కావు. ఎవరి నీడ ఎక్కడ ఉండాలో వారే నిర్ణయించారు.

దీపం మారే చోటును తెలియజేయడానికి మొదట 20వ పట్టీ (24వ అక్షరంలో తాళానికి పోయిన 4 తీసేస్తే) వరకు పచ్చ, అక్కడి నుంచి ఎరుపు వేశాం. ఎరుపు, పచ్చల తేడా తెలియనివారు తక్కువేమీ కాదు: ఐరోపా మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంది. రంగుకు బదులు ఆకారాన్ని వాడుకున్నాం. 20వ పట్టీ వరకు నీడలు నిండుగా ఉంటాయి, తర్వాత అంచు గీత మాత్రమే. నలుపు తెలుపు ఫొటోలో కూడా ఆ తేడా తెలుస్తుంది.

గోడ మీద రాసే అక్షరాలకు మూడు మీటర్ల దూరానికి 25 మిల్లీమీటర్ల ఎత్తు చొప్పున, 18 మీటర్ల దూరానికి 150 మిల్లీమీటర్లు చాలనుకున్నాం. తెలుగులో ఒత్తులు అసలు అక్షరం కంటే బాగా చిన్నవి కాబట్టి అవతలి ఫుట్‌పాత్ నుంచి చూస్తే 'సెకన్లు'లోని ఒత్తు మచ్చలా కనిపించింది. ఎత్తు 200 చేసి, ఒత్తులకు విడిగా లావు పెంచాం.

*ఇప్పటి లెక్క: బొమ్మ వైశాల్యం 40.5 చదరపు మీటర్లు. గరుకు గోడ కాబట్టి ప్రైమర్ లీటరుకు 7 చదరపు మీటర్ల చొప్పున 5.8 లీటర్లు, రెండు పూతల ఎమల్షన్ లీటరుకు 8 చొప్పున 10.1 లీటర్లు, వెరసి దాదాపు 16 లీటర్లు. దీపం ఆరే చోటు 11.25 మీటర్లు, మిగిలిన దారి 6.75 మీటర్లు.*

దశ 6: అధికారుల నడక

వినతిపత్రం ఇవ్వడానికి మేము వెళ్లలేదు, అధికారులనే గోడ దగ్గరికి పిలిచాం. ప్రసంగాలు పెట్టలేదు. పట్టీకొక అక్షరం చొప్పున నడవమని కోరి పాట ఎత్తుకున్నాం. 24వ అక్షరం దగ్గర పాట ఆగింది, నడుస్తున్నవారు కూడా 20వ పట్టీ దగ్గర ఆగారు. తాళానికి ఇచ్చిన 4 అక్షరాలు పోగా అది లెక్కకు సరిపోయింది. పరుగు జాబితాను అక్కడే చేతికిచ్చాం. మొదటి ప్రశ్న పాట గురించి కాదు, 0.75 ఎలా వచ్చిందన్న దాని గురించి. కాగితాలు వెంట ఉండటం అక్కరకు వచ్చింది.

వారి వాదన తీసిపారేయదగినది కాదు. సిగ్నల్ మొత్తం చక్రం 120 సెకన్లు, అందులో 9 సెకన్లంటే 7.5 శాతం, రద్దీ వేళ బస్సుల వరుస పెరుగుతుంది. బస్సులో ఉన్నవారూ మన జనమే. చివరికి 3 సెకన్లు పెంచారు. ఇప్పుడు పచ్చదీపం 21 సెకన్లు.

దశ 7: గెలిచిన మూడు సెకన్లు పాటను చెడగొట్టడం

21 సెకన్లంటే 28 అక్షరాలు. తాళానికి 4 పోగా పాటకు 24, సరిగ్గా మూడు ఆవర్తనాలు. అంతకుముందు పాట ఆవర్తనం మధ్యలో తెగిపోయి వినేవారికి ఇబ్బంది కలిగించేది. ఇప్పుడు సమం (తాళం మళ్లీ మొదలయ్యే చోటు) దగ్గర నిండుగా ఆగుతోంది. మూడో వరుస 'మేమూ మనుషుల మేనండీ' అని ముగిసేది, మాటా పూర్తి, తాళమూ పూర్తి. కొత్త సమయంతో పాడిన మొదటి సాయంత్రం జనం చప్పట్లు కొట్టారు. అంటే పాట అయిపోయిందని అనుకున్నారు, ఇంకా 4.5 మీటర్ల దారి మిగిలే ఉంది.

దరువు మార్చి చూశాం, చివర సాగదీసి చూశాం. దేనితోనూ లాభం లేకపోయింది, తాళం పూర్తయినట్టు చెవి ముందే పట్టేస్తుంది. మార్పు సాహిత్యంలోనే చేయవలసి వచ్చింది. చివరి మూడు వరుసల్నీ ఒకే వాక్యంగా కట్టి, క్రియను నాలుగో ఆవర్తనానికి నెట్టాం:

అడుగులు కొలిచే దారిది మాది
దీపం మారకముందే చేరగ
ముదిమికి కూడా సెకన్లు చాలగ
కాలం కొంచెం కలపండయ్యా

ఇప్పుడు మూడో వరుస చివర పాట ఆగితే తాళం నిండినా మాట నిండదు. 'చాలగ' దగ్గర ఆపినప్పుడు వినేవారు గాయకుల వైపు చూస్తున్నారు, చప్పట్లు లేవు. సిగ్నల్ మారినప్పుడల్లా సాహిత్యాన్ని సరిచూసుకోవాలన్నది ఇలాంటి పని చేసేవారు ముందే లెక్కలో పెట్టుకోవలసిన ఖర్చు.

గోడ మీద మార్పు తేలికే. 21 నుంచి 24 వరకు ఉన్న పట్టీల్లో ఖాళీ నీడల్ని నింపాం, హద్దు 13.5 మీటర్లకు జరిగింది. ఆ పట్టీల్లో నీడలు ఉన్నవారే వచ్చి తమ నీడను తామే నింపుకున్నారు. ఒకరి చెయ్యి వణికి అంచు దాటింది, దాన్ని సరిచేయలేదు.

*ఇప్పటి లెక్క: లోటు 9 నుంచి 6 సెకన్లకు, 6.75 నుంచి 4.5 మీటర్లకు తగ్గింది. నింపిన పట్టీలు 24, మిగిలినవి 8.*

మిగిలిన పని

ఇప్పుడున్న 21 సెకన్లలో 13.5 మీటర్లు దాటవచ్చు. కాబట్టి ఇంకో 6 సెకన్లు అడగడానికి బదులు, దాటే చోట రోడ్డును 4.5 మీటర్లు తగ్గించమని, అంటే రెండు వైపులా ఫుట్‌పాత్‌ను 2.25 మీటర్ల చొప్పున ముందుకు జరపమని కొత్త వినతి రాశాం. అది దాదాపు ఒక కారు నిలిపే వెడల్పు, కూడలి మూలల్లో ఆ చోటు ఎలాగూ నిలిపిన బండ్లదే. దీనితో బస్సుల సమయంలో ఒక్క సెకను కూడా తగ్గదు. ముందుగా సుద్దముగ్గుతో ఆ హద్దులు గీసి, ట్రాఫిక్ సిబ్బంది అనుమతితో కొన్ని రోజులు కోన్లు పెట్టి చూపించాలన్నది ప్రణాళిక. బండ్లు మలుపు తిరగడానికి చోటు చాలుతుందో లేదో ఆ రోజుల్లోనే కొలవాలి.

25 నుంచి 32 వరకు ఉన్న పట్టీల వైశాల్యం 10.1 చదరపు మీటర్లు. నీడల రంగు రెండు లీటర్లు అదే తయారీ బ్యాచ్ నుంచి తీసి మూత బిగించి పెట్టాం. వేరే బ్యాచ్ తెస్తే నలుపులో కూడా తేడా కనిపిస్తుందని 21వ పట్టీ దగ్గర చూశాం.